మా ఊరు బస్సెక్కిన నెల

మా ఊళ్లో నలభై ఇళ్లుండేవేమో, అంతకు మించి ఉండవు. అల్వాల్ దాటి ఉత్తరంగా పోతే పెద్ద సడక్ పక్కన ఒక చింతతోపు వచ్చేది. అక్కడ దిగి కుడివైపు బండ్లబాట పట్టి రెండు కోసుల దూరం నడవాలి. మధ్యలో వాగు. వాగు దాటి, జొన్నచేల మధ్య నుంచి కాస్త మిట్ట ఎక్కితే మా ఊరు కనిపించేది. బయటివాళ్లకు మా ఊరితో పనేమీ ఉండేది కాదు. మాకు మాత్రం మందు కావాలన్నా, పెళ్లిబట్టలు కావాలన్నా, పండించిన కూరగాయలు అమ్ముడుపోవాలన్నా వాగు దాటి సికింద్రాబాదు పోవలసిందే.

ఆ ఊళ్లో దూదేకుల ఇల్లు మాదొక్కటే. నాయన దూది ఏకేవాడు. అమ్మా నేనూ పరుపులు, బొంతలు, మెత్తలు కుట్టేవాళ్లం. మేం ముస్లింలమే, కానీ ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నాయనకు పనికి సరిపోయేంత ఉర్దూ వచ్చేది, నాకూ అమ్మకూ అంతంత మాత్రం.

మా పనిలో ఒక చిక్కుంది. బాగా ఏకి కుట్టిన పరుపు ఏళ్ల తరబడి వస్తుంది. నలభై ఇళ్ల ఊళ్లో అందరికీ ఒకసారి కుట్టి ఇచ్చాక, మళ్లీ ఎవరికైనా మా అవసరం పడేసరికి పిల్లలు పెద్దవాళ్లయ్యేవారు. అందుకే నాయన సికింద్రాబాదు పోయేవాడు. తెల్లారకముందే దూది ఏకే మనిషెత్తు విల్లు భుజాన వేసుకుని బయలుదేరి, చింతతోపు దాకా నడిచి, అక్కడ ఏ లారీ ఆగితే అది, ఏ బండి వస్తే అది ఎక్కేవాడు. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా ఏదీ వచ్చేది కాదు. పట్నం చేరాక బన్సీలాల్‌పేట సందుల్లో, కంటోన్మెంటు బంగళాల ముందు విల్లు తీగను వేలితో మీటుతూ నడిచేవాడు. ఆ చప్పుడు వినే జనం పాత పరుపులు బయటికి తెచ్చేవారు. వారం పది రోజులకు తిరిగి వచ్చేవాడు, కనుబొమల మీదా చెవుల్లోనూ దూది పింజలతో.

నిజాం రాజ్యం మీదికి ఇండియా మిలిట్రీ వచ్చి పోలీసు యాక్షన్ జరిగినప్పుడు నాకు పదిహేడేళ్లు. జొన్నలు పొట్టకొచ్చిన రోజులు. నాయన అప్పుడు బన్సీలాల్‌పేటలో ఒక క్రైస్తవ పంతులమ్మ ఇంటి వరండాలో దూది ఏకుతున్నాడు. ఆ ఇల్లు నాయనకు పాత వాడిక. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. పట్నంలోకి మిలిట్రీ వస్తోందని విన్నప్పుడు ఆమె నాయనను బయటికి పోనివ్వలేదట. "సర్దుకునే దాకా ఇక్కడే ఉండండి, పెట్టిందేదో తిందురు గాని" అందట.

ఇక్కడ మాకు ఏదీ తెలియదు. ఆకాశంలో విమానాల చప్పుడు వినబడేది. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పేవారు. అమ్మ పొయ్యి ముట్టించడం కూడా మానేసింది. అప్పుడు మా వెనకింటి అవ్వ చాప చంకన పెట్టుకుని వచ్చింది. ఆమెది కూరగాయల తోట. వంకాయ, పుంటికూర, అదే గోంగూర, పండించి కొడుకు బండిలో సికింద్రాబాదు తీసుకుపోయి అమ్మేది. పెద్ద గొంతు, సన్నటి మనిషి. "ఇయ్యాల్టి సంది నేనీడనే పండుకుంట" అని మా గడప దగ్గర చాప పరిచింది. మర్నాడు ఇంకో ఇద్దరు ముసలమ్మలు వచ్చి చేరారు. ఎవరు పిలిచారో, ఎవరు పంపారో నాకు తెలియదు. పగలు మా పొయ్యి మీదే వండేవారు, మాతోనే తినేవారు.

వేరే ఊళ్లలో మావాళ్లకు ఏం జరిగిందో తర్వాత విన్నాను. అవి జరగలేదని నేను అనను. మా ఊళ్లో మాత్రం మా గడపలోకి ఎవరూ అడుగుపెట్టలేదు.

కొంచెం నెమ్మదించాక అవ్వ కొడుకూ, కుమ్మరాయనా బండి కట్టుకుని నాయన కోసం సికింద్రాబాదు వెళ్లారు. బండి నిండా గడ్డి వేసుకున్నారు, నాయనను అందులో దాచి తేవాలని. నాయన ఒప్పుకోలేదట. "నేనేం తప్పు చేసిన్నని గడ్డిల దాగాలె?" అన్నాడట. దాంతో ఇద్దరూ ఆయనను మధ్యలో కూర్చోబెట్టుకుని, బీడీలు కాల్చుకుంటూ, పెళ్లికి పోయి వస్తున్నట్టు మాట్లాడుకుంటూ తీసుకొచ్చారు. దారిలో ఎవరూ ఏమీ అడగలేదు.

నాయన వచ్చాడు గాని, వచ్చినవాడు మునుపటి మనిషి కాదు. దెబ్బ తగల్లేదు, ఎవరూ మాట కూడా అనలేదు. అయినా విల్లు భుజాన వేసుకుని బయలుదేరితే వాగు దాకా పోయి తిరిగి వచ్చేసేవాడు. మరోసారి చింతతోపు దాకా పోయాడు, లారీ ఆగింది, ఎక్కలేదు.

"తొవ్వ మంచిగనే ఉంది. నా కాళ్లకే ఏమైందో" అన్నాడు అమ్మతో.

ఆ చలికాలమంతా పని లేదు. ఊళ్లోవాళ్లు చిరగని పరుపులు కూడా తెచ్చి మళ్లీ ఏకమన్నారు. అది మా కోసమేనని అందరికీ తెలుసు, మాకూ తెలుసు. అలా ఎంతకాలం? మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, సికింద్రాబాదు మోండా మార్కెట్లో మూటలు మోసేవాడు. బన్సీలాల్‌పేటలో తన గది పక్కన ఇంకో గది ఖాళీ అయిందనీ, అందరినీ వచ్చేయమనీ కబురు పెట్టాడు. అక్కడుంటే వీధి దాటితే పని, సడక్ మీద ఒంటరిగా నడిచే బాధ ఉండదు.

నాకు ఆ కబురు విని సంతోషమే కలిగింది. కరెంటు దీపాలు, సినిమా బొమ్మలు అంటించిన గోడలు, నల్లా తిప్పితే నీళ్లు. నన్నెవరూ అడగలేదు గాని, అడిగితే పోదామనే చెప్పేదాన్ని. అమ్మ మాత్రం మూట కట్టడం మొదలుపెట్టినప్పటి నుంచీ కళ్లొత్తుకుంటూనే ఉంది.

అవ్వకు తెలిసి మా ఇంటికి వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"ఏంది కొడకా, పోతున్నరంట?"

"పోకుంటె తినుడెట్ల అవ్వా? ఊరంత కలిపినా నాకు నెలరోజుల పని లేదాయె."

"పెద్ద ఊరైతే ఒక ఇల్లు లేచిపోయినా ఎర్కపడదు. గీ ఊర్ల ఒక్క ఇల్లు పోతె గా జాగ బోడిగ కనపడ్తది. రోజు నేను చూడాలె గదా దాన్ని!"

నాయన తల దించుకున్నాడు. అవ్వ వెంట తెచ్చిన పుంటికూర కట్ట అమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఎండలు ముదిరాక, పెళ్లిళ్లు అయిపోయాక పోదామని నాయన నిర్ణయించాడు. పెళ్లిళ్లకు ఊళ్లో ఒకటో రెండో పరుపులు కుట్టవలసి ఉంది.

ఆ ఎండాకాలమే బస్సుల మహకమా ఆఫీసు నుంచి ఒక ఇన్‌స్పెక్టరు జీపులో మా ఊరికి వచ్చాడు. సర్కారు బస్సులు కొత్త దారుల్లో తిప్పాలని చూస్తున్నారట. మా ఊరి పెద్ద పటేల్ అంతకుముందే ఎవరికో మొరపెట్టుకుని ఉన్నాడు. ఊరంతా జీపు చుట్టూ చేరింది. ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూశాడు. చూడడానికి పెద్దగా ఏమీ లేదు.

"ఊరు ఇంతేనా?" అన్నాడు పటేల్‌తో. "ఇంత చిన్న ఊరికి బస్సు ఎట్ల గిట్టుబాటైతది? మంది ఎక్కడున్నరు?"

పటేల్ నసుగుతున్నాడు. వెనక నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"మంది తక్కువుంటె మేం నడిచే దూరం తక్కువైతదా దొరా?"

ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి ఆమెను వెతుక్కున్నాడు. తల మీద గంపతో నిలబడి ఉంది. అతను నవ్వాడు. కోపిష్టి మనిషి కాదు.

"కాదవ్వా. కాని ఖాళీ బస్సు తిప్పితే నా నౌకరీ పోతది. ఒక మహీనా నడిపి చూద్దాం. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మంది ఎక్కితే ఉంటది, లేకుంటే బంద్. ముందు గా వాగు దగ్గర బాట మంచిగ చెయ్యండ్రి."

వాగు ఎండిపోయి ఉంది. ఊరంతా కలిసి బాట వేసింది. మగవాళ్లు రాళ్లు పేర్చారు, ఆడవాళ్లం గంపలతో మొరం మోశాం. నాయన కూడా వచ్చాడు. దూది తప్ప మరొకటి ముట్టని చేతులతో రాళ్లు మోస్తుంటే అరచేతులు బొబ్బలెక్కాయి. ఎలాగూ పోయేవాళ్లు కదా, మీకెందుకు అని ఎవరూ అనలేదు.

బస్సు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మూతి ముందుకు పొడుచుకొచ్చిన బస్సు, కిటికీలకు అద్దాలు లేవు, కూర్చోవడానికి చెక్క బల్లలు. దుమ్ములో ముందు చప్పుడు వచ్చింది, తర్వాత బస్సు వచ్చింది. డ్రైవరు గడ్డం తెల్లబడిన మనిషి, మాట తక్కువ. కండక్టరు సికింద్రాబాదు క్రైస్తవుల అబ్బాయి, చాలా మర్యాదస్థుడు.

"అమ్మా, నెమ్మదిగా ఎక్కండి. గంప ఇలా ఇవ్వండి, పైన పెట్టిస్తాను" అన్నాడు అవ్వతో.

"ఏందయ్యా, పురాణం చెప్పినట్టు మాట్లాడ్తున్నవు!" అంది అవ్వ. బస్సంతా నవ్వింది. అతనూ నవ్వాడు.

మొదటి రెండు రోజులు బస్సు కిక్కిరిసిపోయింది. చూడాలన్న కుతూహలం. తర్వాత పలచబడింది. కొద్ది రోజులకు ఒకనాడు పొద్దున అవ్వ, ఆమె గంప, ఇంకెవరో ఇద్దరు, అంతే. ఖాళీ బల్లలు గడగడలాడుతూ బస్సు పోయింది. నిజానికి రోజూ పట్నంలో పనుండేంత జనం మా ఊళ్లో లేరు. ఇన్‌స్పెక్టరు చెప్పింది అబద్ధం కాదు.

ఆ రోజు సాయంత్రం అవ్వ గంప ఇంట్లో పడేసి ఇల్లిల్లూ తిరిగింది. "పనున్నా లేకున్నా ఎక్కుండ్రి. ఒక్క నెల. ఇయ్యాల మీరు, రేపు వాళ్లు. బస్సు ఖాళీగ పోవద్దు." టిక్కెట్టుకు లేనివాళ్ల సంగతి ఉన్నవాళ్లు చూసుకున్నారు. ఎవరు ఎవరికి ఇచ్చారో నేనెప్పుడూ వినలేదు.

అలా మా ఊరు పని లేకుండా ప్రయాణాలు మొదలుపెట్టింది. కుమ్మరాయన రెండు కుండలు పట్టుకుని వెళ్లి, అవి అమ్మకుండానే తెచ్చి, మర్నాడు మళ్లీ వాటితోనే వెళ్లాడు. చాకలాయన తల్లి, పుట్టి బుద్ధెరిగిన తర్వాత వాగు దాటని మనిషి, సికింద్రాబాదు స్టేషన్లో బల్ల మీద కూర్చుని పొద్దుగూకే దాకా రైళ్లు చూసి వచ్చింది. "ఒగటి పోంగనె ఒగటి వస్తది. గా మంది అంత ఎటు పోతరో!" అని వారం రోజులు అదే చెప్పింది. కొత్తగా పెళ్లయిన జంటలను అత్తలే బస్సెక్కించి పంపారు. పక్కనున్న గూడెం వాళ్లు కూడా నడిచి వచ్చి ఎక్కారు. కండక్టరుకు రెండు మూడు రోజుల్లోనే సంగతి అర్థమైంది. అయినా "ఈవేళ ఎక్కడికండీ తాతగారూ?" అని అడిగేవాడు. "ఊకెనే బిడ్డా, గట్ల పోయొస్త" అనేవాడు తాత. "మంచిదండీ" అని టిక్కెట్టు కోసి ఇచ్చేవాడు.

ఒక పొద్దున అవ్వ మా ఇంటి ముందు నిలబడింది.

"కొడకా, విల్లు తియ్యి."

నాయన గడప మీద కూర్చునే తల అడ్డంగా ఊపాడు.

"ఊర్ల నిజంగ పనున్నోడివి నువ్వొక్కనివే. మేమంత ఊకె తిరుగుతున్నం. నువ్వు ఎక్కకపోతె మేం ఎక్కుడెందుకు? జెర ఇది చెప్పు నాకు."

నాయన లోపలికి పోయి విల్లు తెచ్చాడు. అవ్వ నన్నూ రమ్మంది, నాయనకు తోడుగా ఉంటానని. విల్లు బస్సు తలుపులో పట్టలేదు. అడ్డంగా పెట్టి చూశారు, నిలువుగా పెట్టి చూశారు. చివరికి సగం కిటికీలోంచి బయటికి పెట్టి, చాకలాయనా కుమ్మరాయనా తలొక చివర పట్టుకుని కూర్చున్నారు. బస్సు గుంతలో పడినప్పుడల్లా తీగ టుంయ్ మనేది. మొదట్లో అందరూ ఉలిక్కిపడ్డారు. తర్వాత గుంత వస్తుందనగానే పిల్లలు చెవులొగ్గి కాచుకునేవారు. నాయన ముఖంలో నవ్వు లేదు గాని, చింతతోపు దాటిన సంగతి ఆయన గమనించలేదు. నేను గమనించాను.

సికింద్రాబాదులో బస్సాగింది. అందరూ దిగారు. నాయన బల్ల మీదే ఉండిపోయాడు. చేతులు మోకాళ్ల మీద బిగించి పెట్టుకున్నాడు. కండక్టరు చూసి, "తొందరేం లేదండీ, బస్సు కాసేపు ఇక్కడే ఉంటుంది" అన్నాడు. అవ్వ పక్కన కూర్చుంది. గంపలోని వంకాయలను ఒకదాని మీద ఒకటి సర్దుతూ కూర్చుంది. కొంతసేపటికి నాయన తనంతట తానే లేచాడు.

బన్సీలాల్‌పేట సందులోకి వచ్చాం. నాయన విల్లు భుజాన వేసుకున్నాడు గాని తీగ మీదకు వేలు పోవడం లేదు. నలుగురి మధ్యలో ఆ చప్పుడు చేయడానికి భయం. ఇళ్ల ముందు నుంచి ఊరికే నడిచిపోతున్నాడు. వెనకాల అవ్వ, ఆ వెనక నేను. అప్పుడు అవ్వ గంప తల మీదికెత్తుకుని గొంతు విప్పింది.

"వంకాయ, పుంటికూరే! దూదేకులాయన వచ్చిండమ్మా! పరుపులు, మెత్తలు తీసుకొనిరాండ్రమ్మా! వంకాయ, పుంటికూరే!"

నాయన ఆగిపోయాడు. ఆమె ఆగలేదు. ఆయనను దాటుకుని ముందుకు పోతూ మళ్లీ కేక వేసింది. ఒక తలుపు తెరుచుకుంది. ఎవరో కూరగాయలు అడిగారు. ఇంకో తలుపు తెరుచుకుంది. అది పంతులమ్మ ఇల్లు. ఆమె చేతిలో పిండి అంటుకుని ఉంది, అలాగే మెట్లు దిగి వచ్చింది.

"ఏమైపోయారండీ ఇన్నాళ్లూ? వేరే ఆయన వస్తే వద్దన్నాను, మీరొస్తారని. పెళ్లి పరుపు కుట్టాలి, మా చెల్లెలికి. రండి, రండి. ఈ అమ్మాయి మీ పాపేనా?"

నాయన వరండాలో కూర్చున్నాడు. విల్లు వేలాడదీశాడు. మొదటి దెబ్బ వేసే ముందు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చెయ్యి దానంతట అదే నడిచింది. మధ్యాహ్నానికి దూది కుప్ప నా మోకాళ్ల ఎత్తు అయింది. అవ్వ ఆ రోజు సాయంత్రం బస్సు వేళకు మళ్లీ వచ్చి మమ్మల్ని వెంటబెట్టుకుని పోయింది.

అప్పటి నుంచి నాయన రోజూ పొద్దున పోయి సాయంత్రం రావడం మొదలైంది. నేనూ వెంట పోయేదాన్ని. పంతులమ్మ దగ్గర కుట్టు మిషను ఉండేది. నేను చేత్తో కుట్టే కుట్టు చూసి, మిషను కూడా నేర్చుకొమ్మని కూర్చోబెట్టింది. మా మూటలు కట్టినవి కట్టినట్టే మూలన ఉన్నాయి. విప్పమని ఎవరూ అనలేదు, ఎత్తమనీ ఎవరూ అనలేదు.

నెల ముగిసే రోజున ఇన్‌స్పెక్టరు బస్సులో వస్తానని కబురు పంపాడు. ముందు రోజు తొలకరి పడింది. రాత్రంతా కురిసి, పొద్దునకు వాగులో నీళ్లు వచ్చాయి. పెద్ద ప్రవాహం కాదు, తొడల దాకా. కాని బస్సు దాటలేదు. అవతలి ఒడ్డున ఆగి హారన్ కొడుతోంది. ఇవతల ఊరంతా నిలబడి ఉంది.

మొదట కుమ్మరాయన దిగాడు. వెనక చాకలాయన, తల్లిని వీపున ఎక్కించుకుని. అందరం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటాం. నాయన విల్లును రెండు చేతులతో తల మీదికెత్తి పట్టుకున్నాడు, తీగ వాగు నీళ్లలో తడవకుండా. అమ్మ ఆయన నడుం పట్టుకుంది. అవ్వ గంపను ఆమె కొడుకు మోశాడు. పైన సన్నగా వాన పడుతూనే ఉంది.

తడిసిన బట్టలతో బస్సు చుట్టూ నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గరికి వచ్చి అందరినీ చూశాడు.

"ఇంత వానల మీకందరికి సికింద్రాబాద్‌ల ఏం పని?"

ఏం చెప్పాలి? ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు నాయన ముందుకు వచ్చాడు. నెలల తరబడి పది మందిలో నోరు విప్పని మనిషి.

"నాకుంది దొరా పని. నేను దూదేకులోణ్ని. నేను పోతెనే నా ఇల్లు గడుస్తది. వీళ్లంత నా కోసం వచ్చిండ్రు. నెల సంది నా కోసమే ఎక్కుతున్నరు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కండక్టరు కిందికి చూస్తూ నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు నాయనను, ఆ విల్లును, వెనకున్న ముసలివాళ్లను కాసేపు చూశాడు. తర్వాత పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"ఎక్కుండ్రి, ఎక్కుండ్రి. తడుస్తున్నరు" అన్నాడు. కండక్టరు వైపు తిరిగి, "టిక్కెట్లు కొయ్యి. రేపు సుత వస్తది బస్సు" అన్నాడు.

మా ఊరికి బస్సు ఖాయమైంది. వానాకాలంలో వాగు అవతలే ఆగేది, మేం దాటి పోయి ఎక్కేవాళ్లం. కొన్నేళ్లకు వాగు మీద చిన్న కల్వర్టు కట్టారు. ఇంట్లో మూటలు అమ్మే విప్పింది. మేం సికింద్రాబాదు పోలేదు. పైగా మరుసటి ఏడు చిన్నాయనే ఆ ఇరుకు గది ఖాళీ చేసి పెళ్లాం పిల్లలతో మా ఊరికి వచ్చాడు. పొద్దున బస్సులో మార్కెట్‌కు పోయి సాయంత్రం తిరిగి వచ్చేవాడు. మా పక్కన ఇల్లు వేసుకున్నాడు. ఊళ్లో దూదేకుల ఇళ్లు రెండయ్యాయి.

నేను కోరుకున్న పట్నం కూడా నాకు దక్కింది. మిషను కుట్టు నేర్చుకుని, పంతులమ్మ చెప్పిన ఇళ్లకు బట్టలు కుట్టి ఇచ్చేదాన్ని. పగలు కరెంటు పంకా కింద, రాత్రి మా వాకిట్లో. అలా పెళ్లయ్యే దాకా గడిపాను. నా చేతికి ఆ పని ఉండబట్టే తర్వాత ఎన్ని కష్టాలు వచ్చినా నా పిల్లలు పస్తులుండలేదు. దానికి ఎవరికి దండం పెట్టాలో లెక్క తీస్తే నలభై ఇళ్ల గడపలూ తొక్కాలి.

అవ్వ సంగతి మాత్రం చాలా రోజులకు తెలిసింది. బస్సు ఖాయమైన మర్నాటి నుంచి ఆమె బస్సెక్కడం మానేసి మళ్లీ కొడుకు బండిలోనే సికింద్రాబాదు పోసాగింది. మాకు ఆశ్చర్యంగా ఉండేది. ఒకరోజు ఆమె కోడలే అమ్మతో చెప్పింది. బస్సెక్కితే అవ్వకు కళ్లు తిరుగుతాయట. ఆ నెలంతా సాయంత్రం ఇంటికి వచ్చి వాంతులు చేసుకుని, అన్నం తినకుండా పడుకునేదట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట.

అమ్మ పోయి ఆమెతో పోట్లాడింది. "గింత తక్లీఫ్ పడుకుంట ఎందుకు ఎక్కినవత్తా? ఒక్క మాట చెప్పకపోతివి!"

"చెప్తె నీ పెనిమిటి మొదటి రోజే దిగిపోతుండె" అంది అవ్వ, పుంటికూర ఆకు తుంచుకుంటూ. "ఇగ ఊకో. గా చాట ఇటియ్యి."

అమ్మ చాట అందించి ఆమె పక్కనే కూర్చుని తనూ ఆకు తుంచింది. ఆ తర్వాత చాలా ఏళ్లు, పొద్దున మా బస్సు చింతతోపు దగ్గర పెద్ద సడక్ ఎక్కేసరికి అవ్వ బండి అల్వాల్ వైపు నడుస్తూ కనిపించేది. అందులో అవ్వ, గంపల మధ్య కాళ్లు చాపుకుని. డ్రైవరు ఆ బండి దగ్గర వేగం తగ్గించేవాడు, దుమ్ము రేగకుండా. కండక్టరు తలుపులోంచి వంగి నమస్కారం పెట్టేవాడు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపేదాన్ని.